ముందు చక్రాలు

"మిస్త్రీని ఎవలు పిలిచిండ్రు?"

ముత్తవ్వ ఆ మాట అడగడం ఇది మూడోసారి. వసారాలో తింటున్న వాళ్లెవరూ తలెత్తలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆ సంగతి వడ్డించిన కోడలు రుక్మాబాయికి తెలియదు, తింటున్నవాళ్లు అనలేదు. రుక్మాబాయి బిడ్డ సరూప పోయి పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల్లో ఆ ఇంట్లో వంట బాగుందనీ బాగాలేదనీ ఎవరూ అనలేదు.

బయట కొట్టంలో, ఎద్దులకు అవతల, జీపు నిలబడి ఉంది. కాల్వ దగ్గర రేగడిలో నాలుగు రోజులు దిగబడి ఉండి, మూడు జతల ఎద్దులు లాగితే ఇంటికి చేరిన జీపు. దాన్ని కడగవద్దన్నాడు ఇంటి పెద్దకొడుకు, రుక్మాబాయి భర్త భీమన్న. నల్లమట్టి దాని మీదే ఎండి పెచ్చులు కట్టింది. ఆ పక్కనే సైకిలు ఆనించి, తోలుసంచి విప్పుకుంటున్నాడు ఆత్మారాం మిస్త్రీ. బోధన్ నుంచి వచ్చాడు.

"నేనే పిలిచిన అక్కా," అన్నాడు బాపురావు. ముత్తవ్వకు తమ్ముడు. ఎక్కడికి వెళ్లినా తీర్పు ముందే జేబులో పెట్టుకుని వెళ్లే మనిషి. "ఉన్న బండికి రోగమేందో తెల్వకుండ ఇంకో బండి కొంటరా?"

భీమన్న చెయ్యి కంచంలోనే ఆగింది.

"రోగం బండికి లేదు మామా. నడిపినోనికి ఉండె. దాన్ని అమ్మేద్దాం. ట్రాక్టర్ తెద్దాం."

"ట్రాక్టర్ దున్నుతదిరా. వానకాలం మీ అమ్మకు పాణం బాగలేకుంటె దాని మీద కూసోబెట్టి బోధన్ తీస్కపోతవా?"

"తీస్కపోత."

"ఎట్ల? ట్రాలీల పండుకోబెట్టి? వానల?"

భీమన్న చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో అన్నం సగం అలాగే ఉంది.

మూలన అతని తమ్ముడు రాజేశ్వర్ మూట కట్టుకుంటున్నాడు. రెండు ధోవతులు, ఒక కంబళి. సాయంత్రం బస్సుకు వేల్పూర్ మేనత్త ఇంటికి పోతున్నాడు. నిజానికి పంపిస్తున్నారు. బాపురావు నిన్న వచ్చీ రాగానే చెప్పిన తీర్పు అది. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు కాబట్టి చిన్నవాడు కొన్నాళ్లు పసుపుచేలల్లో పనిచేసుకుంటే మంచిదన్నాడు. ఇరవై రెండేళ్ల వాడు ఆ నింద నెత్తిన పెట్టుకుని ఈ గడప దాటితే అది ఇక దిగదు. ఏ ఊళ్లో ఉన్నా, అన్న బిడ్డను బురదలో చంపినవాడే అంటారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఆగమనలేదు.

రుక్మాబాయి కూడా అనలేదు. ఆమెకు ఏడుపు మొదటి రోజు వచ్చింది, ఆ తర్వాత ఆగిపోయింది. నిన్న గంజి వారుస్తుంటే చేతి మీద పడింది. చర్మం పొక్కిన తర్వాత గానీ చూసుకోలేదు. అది చూసి తనకే భయమేసింది. ఆ భయం కూడా కాసేపే ఉండి పోయింది.

ఆమె చాయ పట్టుకుని కొట్టం వైపు వెళ్లేసరికి ఆత్మారాం బానెట్ ఎత్తి ఉన్నాడు. పెట్రోలు వడపోసే గాజుగిన్నె విప్పి అడుగున నిలిచిన నీళ్లు పారబోశాడు. ప్లగ్గులు తీసి గరుకు కాగితంతో రుద్దాడు. హ్యాండిల్ వేసి రెండుసార్లు తిప్పేసరికి ఇంజను అందుకుంది. ఎద్దులు బెదిరి పలుపులు గుంజాయి.

ఆ చప్పుడుకు ముత్తవ్వ చెవులు మూసుకుంది.

"ఇంజన్ ఏక్‌దమ్ మంచిగుంది పటేలా," అన్నాడు ఆత్మారాం, దాన్ని ఆపి. "మిలిటరీ బండి. ఎంత కొట్టినా పాణం పోదు దీనికి. మల్ల ఎందుకాగింది? ఆనాడు ఎవరు నడిపిండ్రు?"

"నేనే," అన్నాడు రాజేశ్వర్ దూరం నుంచి.

"జర దగ్గరికి రా. మొదటి నుంచి చెప్పు. డాక్టర్‌కు చెప్పినట్టు చెప్పు, ఏం దాచకు."

రాజేశ్వర్ వచ్చాడు గానీ జీపుకు రెండు గజాల దూరంలోనే ఆగిపోయాడు. "పొద్దుగాల పోరికి వాంతులు, విరేచనాలు. అన్న నిజామాబాద్‌ల ఉండె. వదిన పోరిని ఒళ్లె పెట్టుకున్నది. కాల్వ కట్ట దిగేదాక మంచిగనే వచ్చినం. వాన దంచుతుండె. సడక్ ఇంక రెండు ఫర్లాంగులుందనంగ దిగబడ్డది. గంట దాక కదలలే, ఆఖరికి వదిన పోరిని ఎడ్లబండి మీద తీస్కపోయింది."

"ఏ గేర్ల ఉన్నవ్?"

"రెండోది. దిగబడ్డంక మొదటిది ఏసిన."

"గేర్ పక్కకు రెండు చిన్న కట్టెలున్నయి గద, ముందు చక్రాలు గూడ తిప్పేటందుకు. అవి?"

"రెండూ గుంజిన."

"గుంజితె?"

"ఎనక చక్రాలు తిరిగినయ్. తిరిగినకొద్దీ లోపలికి పోయినయ్."

"మరి ముందువి?"

రాజేశ్వర్ నేల చూపులు చూశాడు.

"గుంజిండు," అంది రుక్మాబాయి. అంతమందిలో ఆమె నోరు విప్పడం పన్నెండు రోజుల్లో అదే మొదలు. "నేను పక్కన్నే ఉన్న. నాలుగైదు సార్లు గుంజిండు ఆ కట్టె."

"గుంజుడు ఒకటి, గేరు పడుడు ఒకటి," అన్నాడు భీమన్న. అతను కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డాడు, జీపు దగ్గరికి రాలేదు. "పడకుంటె గుంజి ఏం ఫాయిదా? నడుపుడు రానోడు బండి తీసుడెందుకు?"

ఇల్లంతా నమ్మింది అదే. రాజేశ్వర్‌కు ఆ గేరు వేయడం రాలేదు. ఒక గంట ముందు తెస్తే సెలైను ఎక్కించి బతికించేవాణ్ణని డాక్టరు అన్నాడు. ఆ గంట రాజేశ్వర్ చేతిలో పోయింది. అందరితో పాటు రుక్మాబాయి కూడా అదే అనుకుంది. బిడ్డను వెనక్కి తెచ్చేటప్పుడు, దిగబడ్డ జీపు దగ్గరే భర్త తమ్ముణ్ణి చెంపల మీద కొడుతుంటే అడ్డం పోలేదు.

ఆత్మారాం చక్రాల చుట్టూ తిరిగాడు. వెనక మడ్‌గార్డుల లోపల మట్టి చిందిన తీరు చూశాడు. ముందుకొచ్చి టైరు గాడుల్లో వేలు పెట్టి గీరాడు.

"చూడుండ్రి పటేలా. ఎనక టైర్ల గాళ్లు ఖాళీగున్నయ్. తిరిగిన చక్రం మన్నును ఇసిరేస్తది. ముందు టైర్లల్ల గట్టిగ కూరుక్కొని ఉంది. ఎడ్లు గుంజితె దొర్లినయ్ గని, ఇవి జోరుగ తిరగనే లేదు."

"గదే కద నేనంటున్నది," అన్నాడు భీమన్న.

"కిందికి పోయి చూస్త."

"ఇగ సాలు మిస్త్రీ," అన్నాడు రాజేశ్వర్ గబగబా. "తప్పు నాదే అంటున్న గద. లే, సైకిలెక్కు."

ఆత్మారాం నవ్వాడు. "నేను మైళ్లకు మైళ్లు తొక్కి వచ్చిన బాబూ. తప్పు నీదో బండిదో కిందికి పోతెనే తెలుస్తది."

గోనెసంచి పరుచుకుని వెల్లకిలా జీపు కిందికి జరిగాడు. బయటికి వచ్చినప్పుడు అతని చేతిలో నూనె పట్టిన గోనెగుడ్డ ముక్క ఉంది, దాని చుట్టూ ఇనుపతీగ.

"ముందు షాఫ్టు లేదు పటేలా."

"షాఫ్టంటె ఏంది?" అంది ముత్తవ్వ.

"ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకు అందిచ్చే ఇనుపగొట్టం అవ్వా. బురదల చెరుకు బండికి రెండు జతలు కడతరు గద మీరు? ముందు జతకు కాడి ఏసి, మోకు బండికి కట్టుడు మరిసిపోతె ఏమైతది? ఎంత అదిలిస్తె మాత్రం ఏం లాగుతయ్ అవి? ఈ బాబు కట్టె గుంజిండు, లోపల గేరు పడ్డది. చక్రం దాక పోవుటానికే ఏం లేదు."

ముత్తవ్వకు అర్థమైంది. మొగుడు పోయినప్పటి నుంచి బండ్లు కట్టించింది ఆమె, కొడుకులకు నేర్పింది ఆమె.

"దొంగలు ఇప్పుకపోయి ఉంటరు," అన్నాడు రాజేశ్వర్. "నాలుగు దినాలు కాల్వకాడ ఒక్కతే ఉండె గద బండి."

"ఔ," అన్నాడు భీమన్న వెంటనే. "దొంగలే."

పన్నెండు రోజుల తర్వాత అన్నదమ్ములు ఒక మాట మీద ఉన్నారు. అది చూసి బాపురావు కూడా తల ఊపబోయాడు.

ఆత్మారాం చేతిలోని గుడ్డ చూపించాడు. "దొంగ షాఫ్టు ఇప్పుకపోయి, దుమ్ము పోకుండ గుడ్డ కట్టి, తీగ చుట్టిపోతడా పటేలా? ఈ గుడ్డ మీద నాలుగైదు నెలల మట్టి ఉంది. సడక్ మీద రోజూ తిరిగెటోళ్లు ఇట్ల ఇప్పిస్తరు. ఉత్తగ తిరుగుతది, మోత చేస్తది, పెట్రోల్ తాగుతది. మల్ల వానలకు ముందు బిగిస్తరు." అతను గుడ్డను జీపు బానెట్ మీద పెట్టాడు. "యాది ఉన్నోళ్లు బిగిస్తరు."

చెరుకు రైతుల సంఘం పని మీద బోధనుకూ నిజామాబాదుకూ రోజూ సడక్ మీద తిరిగే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే.

బాపురావు గొంతు సవరించుకున్నాడు. తీర్పు మార్చుకోవలసి వస్తే ఆయనకు గొంతు పట్టేస్తుంది. "సరే, అయింది అయింది. ఇగ సెప్పు మిస్త్రీ, ఈ ఇంటికి ఏ బండి మంచిది? గిదా, ట్రాక్టరా?"

"ఏడికి పోతరో చెప్పుండ్రి, ఏ బండో నేను చెప్త. దున్నుకోను ట్రాక్టర్. సడక్ మీద తిరగను కారు. వానల్ల ఈ రేగడి దాటి సడక్ ఎక్కాల్నంటె గిదే, దీన్ని మించింది లేదు. కానీ నాలుగు కాళ్లుంటెనే."

కాళ్లు అనే మాటకు రుక్మాబాయి చాయ గ్లాసులు కింద పెట్టేసింది.

మొన్న మాఘమాసంలో ఒకరోజు భీమన్న గోనెలో చుట్టిన పొడుగాటి ఇనుము ఒకటి తెచ్చి అటక మీద పెట్టాడు. దాని నూనె పసుపుకొమ్ముల మూటకు అంటితే ఆమె గొణిగింది. సరూప తండ్రి కాళ్లకు చుట్టుకుని, "గదేంది బాపూ?" అని అడిగింది. "జీపు కాలు బిడ్డా," అన్నాడు ఆయన నవ్వుతూ. "ఎండకాలం దానికి నాలుగు కాళ్లెందుకు? రెండు సాలు. మిరుగం లోపల మల్ల పెడదాం." ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్ల జీపు కాలు నిద్రపోయిందా, లేచిందా అని అడుగుతుండేది. మిరుగం, అంటే మృగశిర కార్తె, ఇంకా మూడు రోజులు ఉందనగా వాన వచ్చింది.

రుక్మాబాయి లోపలికి వెళ్లింది. అటక కింద బల్ల వేసుకుని ఎక్కింది. కుండల వెనక చెయ్యి పెట్టింది. పెట్టిన చోటే ఉంది.

"వదినా, వద్దు."

గడపలో రాజేశ్వర్. అతను మూట కోసం రాలేదని ఆమెకు తెలిసిపోయింది.

"నీకెరుకనా?" అంది బల్ల మీద నుంచే.

"ఆనాడే ఎరుక. నువ్వు పోరిని తీస్కొని ఎడ్లబండెక్కి పోయినంక, బండి కింద పండుకొని మన్ను తీస్తుంటె చేతికి ఆ గుడ్డ తగిలింది."

"మరెందుకు సెప్పలే? అంతమంది ముంగట కొడుతుంటె నిలవడి ఎందుకు దెబ్బలు తిన్నవ్?"

"సెప్దామనే అన్నకు ఎదురువోయిన." రాజేశ్వర్ గొంతు చిన్నదైంది. "కొట్టుకుంట అన్న నా మొకం సూడలే. బండి కిందికి సూస్తున్నడు. ఆయనకు అప్పటికే యాదికొచ్చింది వదినా. ఇగ నేను సెప్పుడెందుకు? బిడ్డ పాయె. ఆయనన్న మిగలాలె గదా అనుకున్న."

ఆమె బల్ల మీద అలాగే నిలబడింది. మరిచిపోవడం ఒక సంగతి. పంటల పనిలో, సంఘం పనిలో మనిషి మరిచిపోతాడు. గుర్తొచ్చాక కొట్టడం ఇంకో సంగతి. ఆ రెండోదానికి ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

"పట్టు," అంది.

"వదినా..."

"పట్టుకుంటవా, ఇడిసిపెట్టాల్నా?"

ఇద్దరూ మోసుకొచ్చి దాన్ని కొట్టం ముందు నేల మీద పెట్టారు. గోనె విప్పితే లోపల బోల్టులు ఒక గుడ్డలో భద్రంగా మూటకట్టి ఉన్నాయి. ఎంతో జాగ్రత్త గల మనిషి చేసిన పని. ముత్తవ్వ వంగి ఆ ఇనుమును చేత్తో తడిమింది. పెద్దకొడుకు వైపు చూసింది.

"భీమన్నా," అంది. "తమ్మున్ని కొట్టినవ్ గదరా."

భీమన్న గుంజను వదిలి కింద కూర్చున్నాడు. ఒక్క మాట అన్నాడు.

"మిరుగం ఇంక మూడు దినాలుండె."

అది ఎవరికి చెప్పాడో తెలియదు. బాపురావు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఇలాంటిదానికి ఆయన జేబులో తీర్పు లేదు.

"బిగించు మిస్త్రీ," అంది రుక్మాబాయి.

"ఇప్పుడే? జర టైం పడతది అమ్మా."

"ఎంత పడితె అంత." ఆమె మరిది వైపు తిరిగింది. "మూట ఇప్పు. నువ్వు ఏడికీ పోవు."

ఆత్మారాం మళ్లీ కిందికి జరిగాడు. రాజేశ్వర్ పానాలు అందించాడు. అంతసేపూ రుక్మాబాయి అక్కడే నిలబడింది. ముత్తవ్వ వచ్చి లోపలికి రమ్మంటే వెళ్లలేదు. చివరి బోల్టు బిగిసి ఆత్మారాం చేతులు తుడుచుకుంటుంటే ఆమె జీపెక్కి ఎడమవైపు సీట్లో కూర్చుంది. ఆ రోజు బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సీటు అదే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుంది.

"బండి తీయి," అంది భర్తతో.

"ఏడికి?" అన్నాడు భీమన్న.

"ఆ తొవ్వకే. సడక్ దాక. నిన్న మొన్న వాన పడ్డది, ఆనాటి లెక్కనే ఉంటది బురద. పోతదో లేదో సూడాలె."

"పిచ్చి లేసిందా ఏందమ్మా నీకు?" అన్నాడు బాపురావు. "పోకుంటె ఏంది, పోతె ఏంది?"

"పోకుంటె ఎవల తప్పు లేదు మామా. ఎట్లయినా పోకుండె అనుకుంట."

"పోతె?"

ఆమె దారి వైపే చూస్తూ కూర్చుంది. భీమన్న లేచాడు. వద్దంటే వినదని ఆయనకు తెలుసు. బహుశా ఆయనకూ తెలుసుకోవాలనే ఉందేమో. జీపు కొట్టం దాటి చెరుకుతోటల మధ్యకు తిరిగింది.

కాల్వ కట్ట దిగితే ఆ చోటు. పన్నెండు రోజుల కిందటి గుంత ఇంకా అలాగే ఉంది, నీళ్లతో నిండి. ఎద్దుల గిట్టల గుర్తులు చుట్టూ. దాని ముందర భీమన్న జీపు ఆపాడు. చిన్న కట్టె మీద చెయ్యి వేశాడు.

దిగబడితే బాగుండునని ఆయన మనసులో మొక్కుకుంటున్నాడు. రుక్మాబాయికి ఆయన మొహం చూస్తే తెలిసింది. ఆమె కూడా అదే కోరుకుంటోంది. పన్నెండు రోజుల్లో ఆమె మనస్ఫూర్తిగా కోరుకున్నది ఇదొక్కటే. దిగబడాలి, ఇరుసుల దాకా దిగబడాలి. అప్పుడు ఇద్దరూ దిగి ఈ బురదలో నిలబడి, అయ్యో మన చేతిలో ఏముండె అని ఏడవచ్చు.

"గుంజు," అంది.

ఆయన గుంజాడు. కింద ఎక్కడో టక్కున పడిన చప్పుడు. జీపు ముందుకు ఒరిగింది. ముందు చక్రాలు గుంతలోకి దిగాయి, ఒక్కసారి జారాయి, మన్ను పట్టుకున్నాయి. నీళ్లు రెండు పక్కలకు చిమ్మాయి. ముక్కు పైకి లేచింది. వెనక చక్రాలు దిగాయి, అవీ ఎక్కాయి. అంతే. తర్వాతి రెండు ఫర్లాంగులూ జీపు ఎక్కడా ఆగకుండా బురదను నలుపుకుంటూ నడిచింది. సడక్ ఎక్కి తారు మీద ఆగింది.

భీమన్న చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఇంజను ఆపడం కూడా ఆయనకు తోచలేదు.

రుక్మాబాయి వెనక్కి తిరిగి వచ్చిన దారి చూసింది. కాల్వ కట్ట అక్కడికి కనిపిస్తోంది. అంత దగ్గర.

"గింతేనా?" అంది.

ఆ మాటతో ఆమెకు గుండెలో ఏదో కదిలినట్టయి, మళ్లీ ఆగిపోయింది. జీపు దిగింది. చేతిలో ఏమీ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. తారు వెచ్చగా ఉంది.

"రుక్మా," అన్నాడు భీమన్న. "ఎక్కు. ఇంటికి పోదాం."

ఆమె కదల్లేదు. ఎక్కలేదు, పోనూ లేదు.

బోధన్ వైపు నుంచి బస్సు వస్తోంది. సాయంత్రం రాజేశ్వర్‌ను వేల్పూర్ తోవ పట్టించవలసిన బస్సు, నిజామాబాద్ పోయేది. సడక్ అంచున ఒంటరిగా నిలబడిన మనిషిని చూసి డ్రైవరు హారన్ కొట్టాడు.

రుక్మాబాయి చెయ్యెత్తలేదు. అయినా బస్సు ఆగింది.